లెక్కలో లేనిది

చిలోయే దీవిలో వాన కురవదు,
కాపురముంటుంది.
మనం లేచేసరికే లేచి
చెక్కపెంకుల మీద పనిలో ఉంటుంది.

ఆ వానలోనే
నాలుగు రాత్రుల్లో ఆరు కోళ్ళు పోయాయి నాకు.
ఈకలు చెదరలేదు. కేక వినబడలేదు.
మెడ మీద రెండే రెండు చుక్కలు,
సూది గుచ్చి దారం మరిచిపోయినట్టు.

"గ్విన్యా," అంది పక్కింటి ఒటిలియా,
పొయ్యి మీది దుంపలు కలుపుతూ, తల ఎత్తకుండా.
"అది మాంసం ముట్టదు, నెత్తురు తాగుతుంది."
ఒటిలియా మాటల్లో ఉప్పు కాస్త తగ్గించుకునే వింటాను.
అయినా ఆ రాత్రి గడియ రెండుసార్లు చూసుకున్నాను.

పులేం కాదది. పెంపుడు పిల్లిలో ముప్పాతిక.
ఒళ్ళంతా మచ్చలు, తోక ఒక్కటే బలిసినది.
కోడిగుడ్డు పట్టే సందుంటే చాలు,
దూరదు,
ఒలికినట్టు లోపలికి వస్తుంది.

మా అన్న రుపెర్తో బోను తెస్తానన్నాడు,
వాళ్ళ మామగారి కాలం నాటి ఇనప దవడలు,
తుప్పు పట్టినా ఆకలి చావనివి.
వద్దన్నాను.
జాలితో కాదు. మా కుక్క అటే తిరుగుతుంది.

ఒడ్డుకు పోతే
సాల్మన్ చేపల కంపెనీ వల ఒకటి
తుఫానుకు తెగి నాచులో పడుంది.
సముద్రసింహాలే కొరకలేని వల
నా కోళ్ళను కాయలేదా అనుకుని
భుజాన వేసుకు ఈడ్చుకొచ్చాను,
ఉప్పునీళ్ళు వీపు మీద కారుతుంటే.

సాయంత్రం దాకా మేకులు కొట్టాను, కుట్టాను.
కప్పు కింద, మూలల్లో, గుమ్మం అడుగున,
వేలు దూరే ప్రతిచోటా.
చీకటి పడ్డాక కోళ్ళను తోలి లెక్కపెట్టాను:
పదకొండు పెట్టలు, ఒక పుంజు.
నీలం గుడ్లు పెట్టే ముసలిది ఎప్పట్లాగే పైకర్ర మీద.
చివరి ముడి వేసి, పంటితో దారం తెంపి
వారం తర్వాత మొదటిసారి కంటినిండా పడుకున్నాను.

నడిరేయి పుంజు కూసింది.
కూత కాదది.
ఎడమ బూటు కుడికాలికి తొడుక్కుని పరుగెత్తాను.
వల ఎక్కడా తెగలేదు. ఒక్క ముడీ వదులవలేదు.
లోపల, దూలం మీద మాత్రం
రెండు పసుపు నిప్పులు.

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.
పగలంతా అది అక్కడే ఉంది,
గడ్డిమోపు వెనక, నా సుత్తి చప్పుడు వింటూ.
కంచె చేను మేసిందంటారు,
నా కంచె దొంగకే కాపలా కాసింది.
నావి లెక్కపెట్టుకున్నాను.
నాది కానిదాన్ని ఎవరు లెక్కపెడతారు?

మూడు పెట్టలు నేల మీద.
నీలం గుడ్లది వాటిలో ఒకటి.
మిగిలినవి మూలన ఒకదాని మీద ఒకటి,
ఊపిరి మాత్రం అన్నిటికీ ఒకటే.
అది వాటిని చూడడం లేదు.
వలను చూస్తోంది.
ముందుకాలు నెత్తురోడుతోంది. కోళ్ళది కాదు, దానిదే,
ముడులు పీకి, పీకి.

చేతిలో పార ఉంది.
అబద్ధమెందుకు, ఎత్తాను కూడా.
బుసకొట్టింది. తెరిచిన నోట్లో
సూదుల్లాంటి పళ్ళు,
ఒకటి సగానికి విరిగి.

ఎత్తిన పార ఎత్తినట్టే
వెనక్కి నడిచి
మడమతో తలుపు తోశాను.

ఎంతసేపో నిలబడ్డాను.
వాన లోపలికొచ్చింది. చలి వచ్చింది.
అది మాత్రం కదల్లేదు.
పక్కకు తప్పుకుని టార్చి ఆర్పాక
పిక్కను వెచ్చగా ఏదో రాసుకుని పోయింది,
లేదా అలా అనిపించింది.

పొద్దున ఒక కోడిని ఒటిలియాకిచ్చాను.
ఒకటి వండుకున్నాను.
నీలం గుడ్లదాన్ని ఆపిల్ చెట్టు కింద పూడ్చాను.
"చంపావా?" అన్నాడు రుపెర్తో.
"తలుపు ఊడిపోయింది," అన్నాను.

ఇప్పుడు రోజూ మాపటేళ
కోళ్ళను లెక్కపెట్టాక
టార్చి ఎత్తి దూలం చూస్తాను,
గడ్డిమోపు కదుపుతాను,
గొంతు సవరించుకుని చీకటితో అంటాను:
ఎవరైనా ఉంటే ఇప్పుడే వెళ్ళండి.
ముడి వేస్తున్నాను.